కంతు గడువు, గడ్డకట్టిన నది

ఆడమనిషి నేరం చేసిందంటే మన తెరకు తెలిసిన కారణాలు రెండే. ఒకటి పగ. మొగుణ్ణో బిడ్డనో పోగొట్టుకున్న మనిషి కత్తి పట్టడం. రెండోది ప్రేమ పేరుతో జరిగిన మోసం. కట్టాల్సిన కంతు కట్టలేక, గడువు దాటిపోతుంటే వేరే దారి దొరక్క నేరంలోకి అడుగుపెట్టిన ఆడమనిషి మన సినిమాల్లో దాదాపు కనబడదు. 2008లో వచ్చిన ‘ఫ్రోజెన్ రివర్’ అనే అమెరికన్ స్వతంత్ర చిత్రం ఈ మూడో కారణం మీదే మొత్తం నిలబడింది. కోర్ట్‌నీ హంట్ రాసి, తీసిన మొదటి ఫీచర్ సినిమా అది. ఆ ఏడాది సన్‌డాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలుచుకుంది. తర్వాతి ఏడాది ఉత్తమ నటి, ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లే విభాగాల్లో ఆస్కార్ నామినేషన్లు కూడా దక్కాయి. మంచు, కెనడా సరిహద్దు, అక్కడి మూలవాసుల రిజర్వేషన్, అంటే వాళ్ళకు కేటాయించిన నేల, చుట్టూ నడిచే కథ. అయినా కర్నూలులో కూర్చుని చూసే మనిషికి ఇందులో అర్థం కానిది చాలా తక్కువ. ఎందుకు తక్కువో వివరంగా చెప్పుకోవాలి. కథ ముగింపుతో సహా చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ సినిమా బలం సస్పెన్స్‌లో లేదు.

కథ న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరపు కొసన, క్రిస్మస్‌కు ముందు రోజుల్లో మొదలవుతుంది. రే ఎడ్డీ అనే నడివయసు మనిషి తెల్లవారుతుండగా కారులో కూర్చుని సిగరెట్ తాగుతూ ఏడుస్తూ ఉంటుంది. ఆమె ఉండేది రేకుల డబ్బాలాంటి పాత ట్రైలర్ ఇంట్లో. ఇద్దరు కొడుకులు. పెద్దవాడు టీజేకు పదిహేనేళ్ళు, చిన్నవాడు రికీకి ఐదు. ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చే కొంచెం పెద్ద ఇల్లు ఒకటి కొనాలని ఆమె బయానా కట్టింది. మిగతా డబ్బు కట్టాల్సిన సమయానికి, జూదం వ్యసనం ఉన్న మొగుడు దాచిన సొమ్ము ఎత్తుకుని మాయమయ్యాడు. కొత్త ఇల్లు లారీ మీద గుమ్మం దాకా వచ్చింది. డబ్బు లేదని తెలిసి వెనక్కి పోయింది. గడువులోపల కట్టకపోతే ఇచ్చిన బయానా కూడా పోతుంది.

నేరం ఇంకా చాలా దూరంలో ఉంది. సినిమా దాని కోసం తొందరపడదు. పిల్లలకు మధ్యాహ్న భోజనం డబ్బు ఇవ్వడానికి రే చిల్లర వెతుక్కుంటుంది. రాత్రికి ఇంట్లో ఉన్నవి పాప్‌కార్న్, టాంగ్ పొడి కలిపిన నీళ్ళు. కిస్తుల మీద తెచ్చుకున్న పెద్ద టీవీ కోసం షాపువాళ్ళు వస్తారు. ఆమె పనిచేసే చవక సరుకుల దుకాణంలో ఫుల్‌టైమ్ ఉద్యోగం ఇస్తామని ఎప్పుడో చెప్పిన మేనేజరు ఇప్పుడు మాట దాటేస్తాడు. వీటిలో ఏ ఒక్కటీ మనిషిని నేరానికి నెట్టేంత పెద్దది కాదు. కథ రాసిన తీరులో తెలివంతా ఇక్కడే ఉంది. ఒక్కో చిన్న లోటునూ చూపించి, ఏదీ పూడకుండానే తర్వాతి దానికి వెళుతుంది. అరగంటయ్యేసరికి చూసేవాడి బుర్రలో కూడా అదే లెక్క నడుస్తుంటుంది: జీతం ఇంత, పెట్రోలు ఇంత, గడువుకు ఇన్ని రోజులు. రే తప్పుడు దారిలో మొదటి అడుగు వేసేటప్పటికి ప్రేక్షకుడు ఆమెను సమర్థించకపోవచ్చు. ఆమె లెక్కలో పొరపాటు మాత్రం పట్టలేడు.

ఆ మొదటి అడుగు కూడా అనుకుని వేసింది కాదు. మొగుణ్ణి వెతుక్కుంటూ రే రిజర్వేషన్‌లో ఉన్న బింగో హాలుకు, అంటే నంబర్ల జూదం ఆడే చోటుకు, పోతుంది. అక్కడ మొగుడి కారును ఎవరో అమ్మాయి నడుపుకుంటూ పోవడం చూసి వెంటపడుతుంది. ఆ అమ్మాయి లైలా, మోహాక్ తెగ మనిషి. ఇద్దరి తొలి పరిచయం తుపాకీ గుండుతో. రే కోపంతో లైలా ఉండే చిన్న ట్రైలర్‌కు తూటా దింపుతుంది. కారును మంచి ధరకు కొనేవాడున్నాడని లైలా ఆమెను నది దాటిస్తుంది. అవతల ఒడ్డుకు చేరాక తెలుస్తుంది అసలు పని ఏమిటో. కెనడా వైపు నుంచి అనుమతి లేని వలస మనుషుల్ని కారు డిక్కీలో పెట్టి, గడ్డకట్టిన సెయింట్ లారెన్స్ నది మీదుగా అమెరికాలోకి దించాలి. ఒక ట్రిప్పుకు వచ్చే డబ్బు చూశాక రే మనసులో లెక్క మారిపోతుంది. ఇన్ని ట్రిప్పులు వేస్తే ఇల్లు వస్తుంది. అంతవరకే. తర్వాత ఆపేస్తుంది. అప్పు తీర్చడానికి తప్పు చేసే ప్రతి మనిషీ తనకు తాను చెప్పుకునే మాటే ఇది.

సరిహద్దు ఈ సినిమాలో కేవలం నేపథ్యం కాదు, కథను నడిపే యంత్రం. అక్వెసాస్నే అనే మోహాక్ నేల అమెరికాలో కొంత, కెనడాలోని ఒంటారియో, క్యూబెక్ రాష్ట్రాల్లో కొంత పరుచుకుని ఉంది. గీత తర్వాత వచ్చింది, మనుషులు ముందునుంచీ ఉన్నారు. 1794లో బ్రిటన్, అమెరికా చేసుకున్న జే ఒప్పందం మూలవాసులకు ఈ సరిహద్దు దాటి రాకపోకలు సాగించే హక్కును గుర్తించింది. అందుకే లైలా దృష్టిలో అక్కడ సరిహద్దే లేదు. రెండు ఒడ్లూ తమ నేలే. రేకు మాత్రం అది నేరం. ఒకే నది మీద ఒకే కారులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి చట్టం రెండు రకాలుగా కనబడుతోంది. ఈ తేడాను సినిమా ఉపన్యాసంగా చెప్పదు, ఇద్దరి వాదులాటలో ఒకటి రెండు మాటలుగా దొర్లించి వదిలేస్తుంది.

కర్నూలు మనిషికి ఈ నది కొత్త కాదు. తుంగభద్రకు ఇటు కర్నూలు, అటు అలంపురం. తరాలుగా సంతకూ పెళ్ళికీ ఆసుపత్రికీ దాటుతూ వచ్చిన నది 2014 జూన్ 2న రెండు రాష్ట్రాల మధ్య గీత అయింది. ఇంకా పైకి పోతే మంత్రాలయం దగ్గర అదే నది కర్ణాటకకు గీత. అంటే ఒకే జిల్లాలో ఒకే నది రెండు రాష్ట్రాలతో సరిహద్దు. అక్కడ చలికాలం నదిని గడ్డకట్టించి దారి చేస్తుంది. ఇక్కడ ఎండాకాలం నదిని ఇసుక మేటలుగా మార్చి దారి చేస్తుంది. వర్షాలు పడి పైనుంచి నీళ్ళు వదిలితే ఆ దారి మాయం. హైవే మీద పంచలింగాల చెక్‌పోస్టు ఉంటుంది, పోలీసులు ఉంటారు. నది పొడుగునా ఉన్న పల్లెల్లో మాత్రం ప్రతి రేవుకూ ఒక చెక్‌పోస్టు పెట్టడం ఎవరివల్లా కాదు.

గీతకు అటూ ఇటూ ధరలో తేడా వచ్చిన రోజు ఆ దారికి విలువ పుడుతుంది. స్మగ్లింగ్‌కు ఇంతకు మించిన సూత్రం లేదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు ప్రభుత్వం చేతికి వచ్చాయి. 2020 మే నెలలో, లాక్‌డౌన్ తర్వాత షాపులు తెరిచినప్పుడు ధరలు రెండు విడతల్లో 75 శాతం పెరిగాయి. తెలిసిన బ్రాండ్లు కనబడకుండా పోయాయి. అప్పటినుంచి 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చేదాకా కర్నూలు జిల్లా సరిహద్దుల్లో తెలంగాణ సీసాలు, కర్ణాటక టెట్రా ప్యాకెట్లు పట్టుబడటం జిల్లా పేజీల్లో నిత్యం కనబడే వార్త అయింది. పెద్ద లారీలతో పట్టుబడిన వాళ్ళ వెనక ఎవరున్నారన్నది వేరే కథ. స్కూటీ సీటు కింద, కూరగాయల సంచి అడుగున పెట్టుకుని దాటించే చిన్న మనిషి కథే ‘ఫ్రోజెన్ రివర్’కు దగ్గరిది. ఒక సంచి మోస్తే వచ్చేది రోజు కూలి కంటే ఎక్కువ. పట్టుబడితే పోయేది బండి, కోర్టుకు తిరిగే రోజులు, ఊళ్ళో పరువు. ఈ రెండింటినీ త్రాసులో వేసి చూసుకునే మనిషి గురించి మన దగ్గర సినిమా రాలేదు. వార్త మాత్రం నాలుగు లైన్లలో, పట్టుకున్న అధికారుల ఫోటోతో వచ్చింది.

రాయలసీమ నేరం అనగానే తెర మీద కనబడేది ఇంకొకటి కాబట్టి ఈ లోటు ఎవరికీ లోటుగా తోచలేదు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’ వచ్చాక సీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్ళు అన్న ముద్ర గట్టిపడింది. 2003లో వచ్చిన ‘ఒక్కడు’తో కొండారెడ్డి బురుజు రాష్ట్రమంతా తెలిసిపోయింది. అదే సినిమాలో కర్నూలు ఆడపిల్ల కాపాడబడాల్సిన మనిషి మాత్రమే. ఈ తరహా కథల్లో తల్లి ఏడుస్తుంది, విధవ శపథం చేస్తుంది, కూతురు పారిపోతుంది. వాళ్ళ ఇంట్లో రేషన్ కార్డు ఎవరి పేరు మీద ఉందో, పొలం మీద అప్పెంతో, వారం కంతుకు డబ్బు ఎక్కడినుంచి తెస్తారో ఎవరూ అడగరు. ఫ్యాక్షన్ నిజం కాదని కాదు. కానీ ఫ్యాక్షన్‌లో చచ్చిన మనిషి ఇంట్లో మిగిలిన ఆడవాళ్ళకు మర్నాటి నుంచి మొదలయ్యేది పగ కంటే ముందు అప్పు. ఆ మర్నాటి మీద సినిమా తీసినవాళ్ళు అరుదు.

‘ఫ్రోజెన్ రివర్’లో అన్నిటికంటే ఎక్కువసేపు ఆగి చూడాల్సిన ఘట్టం మధ్యలో వస్తుంది. క్రిస్మస్ ముందురోజు రాత్రి. ఈసారి డిక్కీలోకి ఎక్కేది పాకిస్తాన్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. వాళ్ళ చేతిలో ఒక బ్యాగు. వాళ్ళ దేశం పేరు వినగానే రేకు భయం పట్టుకుంటుంది. బాంబో, విషమో ఉందేమో అనుకుంటుంది. నది మధ్యలో కారు ఆపి ఆ బ్యాగు మంచు మీద పడేస్తుంది. వాళ్ళను దించాల్సిన చోట దించాక తెలుస్తుంది, ఆ బ్యాగులో ఉన్నది పసిబిడ్డ అని. ఇద్దరూ చీకట్లో వెనక్కి పరుగెత్తి వెతుకుతారు. దొరికిన బిడ్డలో కదలిక లేదు. లైలా ఒళ్ళో పెట్టుకుని వెచ్చగా పట్టుకుంటుంది. పోయిందనే ఇద్దరూ అనుకుంటారు. కాసేపటికి బిడ్డ కదులుతుంది.

ఈ ఘట్టాన్ని ఇంకో దర్శకుడైతే రేను క్షమించేందుకు వాడుకునేవాడు. పాటతో, కన్నీళ్ళతో, బిడ్డను గుండెలకు హత్తుకునే దృశ్యంతో. కోర్ట్‌నీ హంట్ ఆ పని చేయలేదు. రే తన బిడ్డల కోసం ప్రాణం పెట్టే తల్లి అని ముందే చూశాం. అదే తల్లి ఇంకో తల్లి బిడ్డను చలిలో పారేసింది. తెలియక చేసిందన్నది నిజం. ఆ తెలియకపోవడం వెనక ఉన్నది మాత్రం అమాయకత్వం కాదు. ఒక దేశం పేరు చెవిన పడగానే పుట్టిన ద్వేషం అది. పేదరికం మనిషిని మంచిదాన్ని చేస్తుందన్న భ్రమను సినిమా అక్కడ పక్కకు నెడుతుంది. కష్టంలో ఉన్న మనిషి తనకంటే కష్టంలో ఉన్న మనిషిని చూసి కరిగిపోతుందని రాయడం తేలిక. రే కరగదు, భయపడుతుంది. కష్టపడే ఆడమనిషి గురించి కథ రాసేవాళ్ళు ఈ ఒక్క ఘట్టాన్ని పదిసార్లు చూడాలి. ఆమె మీద గౌరవం ఉంచుకుంటూనే ఆమె తప్పును తప్పుగా చూపించడం ఎలాగో ఇక్కడ తెలుస్తుంది.

రేకూ లైలాకూ మధ్య స్నేహం కూడా అంత సులువుగా కుదరదు. లైలాకు చూపు సరిగా ఆనదు. మొగుడు ఇదే పనిలో నదిలో పడి చనిపోయాడు. పుట్టిన బిడ్డను అత్త తీసుకుపోయింది. బిడ్డ ఉన్న ఇంటి బయట చీకట్లో నిలబడి చూసి, సంపాదించిన డబ్బు అక్కడ పెట్టి వెళ్ళిపోతుంటుంది. రేను వెంట తీసుకుపోవడానికి కారు ఒక్కటే కారణం కాదు. తెల్లమనిషి నడిపే కారును పోలీసులు ఆపరని లైలాకు తెలుసు. నిజంగానే ఆపరు. ట్రూపర్, అంటే ఆ రాష్ట్ర పోలీసు, రేతో మర్యాదగా మాట్లాడతాడు, లైలా గురించి ఆమెను హెచ్చరిస్తాడు కూడా. ఇద్దరూ చేసే నేరం ఒకటే, అనుమానం మాత్రం ఒకరి మీదే.

ఇలాంటి కథను కర్నూలులో పెట్టాలంటే కులాన్ని పక్కన పెట్టి రాయడం కుదరదు. బ్రిటిష్ వాళ్ళు 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కొన్ని సమూహాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ, అంటే అప్పట్లో అందులో ఉన్న సీమ జిల్లాల్లోనూ అది అమలైంది. 1952లో చట్టం రద్దయింది. చూసే చూపు మాత్రం అంత తొందరగా పోలేదు. చెక్‌పోస్టు దగ్గర ఎవరి సంచి విప్పుతారు, ఎవరిని ‘పోమ్మా’ అని పంపేస్తారు అన్నది కట్టుకున్న చీర, మాట్లాడే యాస, ఊరు పేరు చూసి క్షణంలో తేలిపోతుంది. అది తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళు, ఆపని మనిషీ ఆపే మనిషీ, ఒకే బండి మీద పోతే ఎవరు ముందు కూర్చోవాలి అన్న ప్రశ్నలోనే సగం సినిమా ఉంది.

అయితే ఈ కథను ఉన్నదున్నట్టు ఎత్తుకొచ్చి తుంగభద్ర ఒడ్డున పెడితే నిలబడదు. కారణం రే ఒంటరితనం. ఆమె చుట్టూ మంచు, ట్రైలర్, ఇద్దరు పిల్లలు తప్ప ఇంకెవరూ లేరు. పక్కింటివాళ్ళు కనబడరు. అమ్మానాన్న లేరు. అప్పు ఆమెకూ కంపెనీకీ మధ్య విషయం. కర్నూలు పల్లెలో అప్పు ఎప్పుడూ ఇద్దరి మధ్య విషయం కాదు. మైక్రోఫైనాన్స్ గ్రూపు లోను తీసుకున్న మనిషి కంతు కట్టలేకపోతే ఆ భారం గ్రూపులో ఉన్న మిగతా ఆడవాళ్ళ మీద పడుతుంది. అందరూ కలిసి పూచీ పడటమే ఆ అప్పుకు హామీ. కాబట్టి మొదట గుమ్మం ముందుకొచ్చేది కలెక్షన్ కుర్రాడు కాదు. నిన్నటిదాకా కలిసి కలుపు తీసిన వదిన, బావి దగ్గర నీళ్ళు తోడిపెట్టిన పిన్ని. ‘నీ కోసం మేమెందుకు కట్టాలి?’ అన్న మాట వాళ్ళ నోటినుంచి వచ్చినప్పుడు కలిగే అవమానం, బయటి మనిషి బెదిరింపుకంటే లోతుగా దిగుతుంది. వాళ్ళూ చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళ ఇంట్లోనూ అదే లెక్క. క్రైమ్ డ్రామాకు విలన్ అవసరం లేకుండానే టెన్షన్ పుట్టించే పరిస్థితి ఇది.

ఈ ఒత్తిడి ఎంత దూరం పోగలదో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో చూసింది. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. బలవంతపు వసూళ్ళను నేరంగా చూసింది. దేశవ్యాప్తంగా చూస్తే, 2022లో రిజర్వ్ బ్యాంకు కొత్త నియమాలు పెట్టి, ఒక కుటుంబం నెల నెలా కట్టే అప్పుల కంతులన్నీ కలిపి దాని ఆదాయంలో సగం దాటకూడదంది. కాగితం మీద ఇది మంచి నియమం. కానీ వర్షం మీద, సుగ్గి మీద బతికే ఇంటికి ‘నెల ఆదాయం’ అన్న లెక్క ఎలా కడతారు? ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు పల్లెల్లో పనులు అయిపోగానే కుటుంబాలు మూటలు కట్టుకుని గుంటూరు మిరప చేలకో, హైదరాబాదు కట్టడాలకో పోతాయి. కొన్ని నెలలు చేతిలో డబ్బు ఆడుతుంది, కొన్ని నెలలు ఏమీ ఉండదు. కంతు మాత్రం ప్రతి వారం, ప్రతి నెలా ఒకేలా వస్తుంది. రాబడి ఎగుడుదిగుడు, అప్పు సమానం. రే కథలో ఉన్న ఇరుకు కూడా ఇదే.

ఇంకో వైపు చూస్తే, ఆ గుంపే ఆదుకునే చెయ్యి కూడా. కర్నూలు పక్కనే ఉన్న ఓర్వకల్లు ఆడవాళ్ళ పొదుపు సంఘాలకు దేశమంతా పేరుంది. రోజుకో రూపాయి దాచుకుంటూ మొదలుపెట్టి, వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా బతకడం నేర్చుకున్న ఆడవాళ్ళు అక్కడున్నారు. కాబట్టి కర్నూలు కథలో ఆడమనిషి నదిలోకి దిగేముందు చాలా తలుపులు తట్టే అవకాశం ఉంది: సంఘం, పుట్టిల్లు, చీటీ, మెడలో తాళిబొట్టు కుదువ. ఒక్కో తలుపూ ఎందుకు మూసుకుపోయిందో చూపించకుండా ఆమెను నేరంలోకి దించితే కర్నూలు ప్రేక్షకుడు నమ్మడు. ‘వాళ్ళన్నను అడగొచ్చు గదా’ అంటాడు. ఆ ప్రశ్నకు జవాబు కథలోనే ఉండాలి. రే కథలో ఈ పని అరగంటలో అయిపోయింది. ఇక్కడ సినిమాలో సగం దానికే పోతుంది. పోనివ్వాలి కూడా, అసలు కథ అదే కాబట్టి.

స్వతంత్రంగా తీయడం వల్ల ఈ సినిమాకు ఏం ఒరిగిందో కూడా చూడాలి. బడ్జెట్ పది లక్షల డాలర్ల లోపే. ముందు 2004లో ఇదే పేరుతో ఒక లఘుచిత్రం తీసి, దాన్ని పట్టుకుని కథను పెంచుకున్నారు. షూటింగ్ న్యూయార్క్ రాష్ట్రంలోని ప్లాట్స్‌బర్గ్ ప్రాంతంలో, నిజమైన చలిలో, డిజిటల్ కెమెరాతో జరిగింది. రీడ్ మొరానో ఛాయాగ్రహణంలో మంచు ఎక్కడా అందంగా కనబడదు. బూడిద రంగులో, బురద కలిసిన ఐసుగా ఉంటుంది. మెలిస్సా లియో ముఖం మీద కెమెరా దగ్గరగా పోయి ఆగుతుంది. ఆ ముఖంలో నిద్రలేమి, చర్మం మీద ముడతలు, సిగరెట్ మీద సిగరెట్. రేను ఎవరూ అందంగా చూపించే ప్రయత్నం చేయలేదు. కాపాడుకోవాల్సిన స్టార్ ఇమేజ్ లేనప్పుడే అది వీలవుతుంది. లైలాగా చేసిన మిస్టీ అపమ్ బ్లాక్‌ఫీట్ తెగకు చెందిన నటి. ఆమె చాలా తక్కువ మాట్లాడి, ముఖంలో ఏమీ తెలియనీయకుండానే మనిషి లోపలి బరువును చూపించింది. ఈ నటి 2014లో ముప్పై రెండేళ్ళకే చనిపోవడం పెద్ద నష్టం.

తెలుగులో ఈ పద్ధతికి దారి లేకపోలేదు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ ఆ ఊరి మనుషులతోనే తీసి జనాన్ని థియేటర్లకు రప్పించింది. 2021లో ‘సినిమా బండి’ సీమ యాసను వెక్కిరించకుండా, అదే మామూలు మాటగా వినిపించింది. ఆ రెండూ నేరం జోలికి పోలేదు. నేరం అనగానే మన దర్శకులకు వెంటనే గుర్తొచ్చేది పోలీసు, శవం, చివర్లో మలుపు. మలుపు అవసరం లేని నేర కథ ఉంటుందని, లెక్కల పుస్తకంలాంటి నేర కథ కూడా మనిషిని కుర్చీలో కదలనివ్వదని ఈ సినిమా చూస్తే తెలుస్తుంది.

లోపాలు లేవని కాదు. డిక్కీలో ఎక్కిన చైనా మనుషులకు, పాకిస్తాన్ దంపతులకు ఈ సినిమాలో పేర్లు దాదాపు లేవు. వాళ్ళూ ఎక్కడో అప్పు చేసి, దళారి చేతిలో పెట్టి వచ్చినవాళ్ళే. వాళ్ళ లెక్క రే లెక్క కంటే భయంకరమైంది. దాని మీద ఒక్క నిమిషమైనా కెమెరా నిలిపి ఉండాల్సింది. చివరి ట్రిప్పులో క్లబ్బు దగ్గర గొడవ, తుపాకీ కాల్పులు, పోలీసులు తరమడం, మంచు పగిలి కారు దిగబడటం కూడా అంతదాకా పాటించిన నిదానానికి కొంచెం ఎడంగానే ఉన్నాయి. మామూలు థ్రిల్లర్ చూడ్డానికి వచ్చినవాళ్ళ కోసం పెట్టినట్టు అనిపిస్తుంది.

ఆ తర్వాత వచ్చే నిర్ణయం మాత్రం ఆ లోటును పూడ్చేస్తుంది. ఇద్దరూ రిజర్వేషన్‌లో తలదాచుకుంటారు. బయట పోలీసులు ఎవరో ఒకరిని అప్పగించమంటారు. తెగ పెద్దలు లైలాను ఐదేళ్ళు వెలివేయాలని నిర్ణయిస్తారు. లైలా ఒప్పుకుంటుంది, పిల్లల దగ్గరికి పొమ్మని రేతో అంటుంది. రే పరుగెత్తుకుంటూ అడవిలో కొంతదూరం పోయి ఆగి, వెనక్కి వస్తుంది. ఇది పశ్చాత్తాపం అని ఒక్క మాటలో అనేస్తే తక్కువ చేసినట్టు. ఆమె మళ్ళీ లెక్కే వేసింది, ఈసారి ఇంకో మనిషిని కలుపుకుని. తెల్లమనిషి, పాత కేసులు లేని మనిషి లొంగిపోతే కొన్ని నెలల జైలు. లైలా పోతే ఊరు, బిడ్డ, అన్నీ పోతాయి. డబ్బు లైలా చేతిలో పెట్టి, తన కొడుకుల్ని చూసుకోమని, ఇంటి సొమ్ము కట్టమని చెప్పి లొంగిపోతుంది. లైలా అత్త ఇంటికి పోయి తన బిడ్డను ఎత్తుకుని, ఆ ట్రైలర్‌కు చేరుతుంది. ఈ మధ్యలోనే టీజే కథ కూడా తేలుతుంది. తల్లికి తెలియకుండా వాడు ఒక మోహాక్ ముసలావిడను ఫోన్లో మోసం చేసి క్రెడిట్ కార్డు నంబరు రాబట్టాడు. తెగ పోలీసు ఆ ముసలావిడను వెంటబెట్టుకుని వచ్చి, వాడి చేత క్షమాపణ చెప్పించి వదిలేస్తాడు. తల్లికి జైలు, కొడుక్కి ఒక ముసలావిడ ముందు తల దించుకోవడం.

కర్నూలు కథలో ఈ చివరి భాగాన్ని ఎలా రాస్తారన్నదే అసలు పరీక్ష. ఇక్కడ తల్లి జైలుకు పోతే పిల్లలు అవ్వ ఇంటికి పోతారు, అది అనుకున్నంత కష్టం కాదు. కష్టం వేరే చోట ఉంది. వేరే కులం ఆడమనిషిని తన ఇంట్లో ఉంచి, తన పిల్లలకు అన్నం పెట్టమని తాళం చెవి ఇవ్వగలదా, ఇస్తే ఆ వీధి ఊరుకుంటుందా, అవ్వ ఆ గడప తొక్కుతుందా? అమెరికా సినిమాకు ఆ ప్రశ్న రెండు నిమిషాల్లో తేలిపోయింది. సీమలో తీసే సినిమా ఆ గడప దగ్గర చాలాసేపు నిలబడాల్సి ఉంటుంది, గ్రూపు ఆడవాళ్ళు, అత్త, బావమరిది, సంఘం లీడరు అందరూ వచ్చి మాట్లాడేదాకా.